తలవైపు చెక్క

మంచం మీద కూర్చోగానే శారోన్ ముక్కుకి పాలిష్ వాసన తగిలింది.

దాదాపు రెండేళ్ళ కిందట చేసిన మంచం. ఇంకా వాసనేమిటి?

"గది మూసే ఉంచుతాం కదమ్మా, అందుకని వాసన పోదు," అన్నాడు సాల్మన్, గుమ్మంలో నిలబడి.

శారోన్ అతన్నేమీ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు రావడం ఆమెకి నచ్చలేదు.

శారోన్ కువైట్‌లో నర్సు. భర్త జీవన్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయి ఐదేళ్ళయింది. అంబాజీపేటలో ఆమె కట్టించిన ఈ ఇంట్లోనే జీవన్ అన్నగారు సాల్మన్, ఆయన భార్య పుష్పలత ఉంటూ ఆమె కూతురు జాయ్‌ని చూసుకుంటున్నారు. సాల్మన్‌ది ఎండుకొబ్బరి వ్యాపారం. జాయ్‌కి పదకొండేళ్ళు. శారోన్ వచ్చింది పదిహేను రోజుల సెలవు మీద. హ్యాండ్‌బ్యాగ్‌లో మరో రెండేళ్ళ కాంట్రాక్టు కాగితం ఉంది. దాని మీద సంతకం పెడితే మరో రెండేళ్ళు జాయ్ వీళ్ళ చేతుల్లోనే.

ఆ మంచం జాయ్ కోసం చేయించిందే. కువైట్ హాస్టల్లో శారోన్ పడుకునేది ఇనప మంచం పై బెర్తులో. పిల్లయినా మంచి చెక్క మీద పడుకోవాలని కిందటి సెలవులో తనే అమలాపురం కలప అడితికి వెళ్ళి టేకు ఏరింది. తండ్రి ఆ అడితిలోనే ముప్ఫై ఏళ్ళు దుంగలు కోశాడు కాబట్టి ఆమెని కలపలో మోసం చేయడం కష్టం. తండ్రి స్నేహితుడు ఏలీయాకి పని అప్పగిస్తూ గట్టిగానే చెప్పింది. లోపలి చేవ మాత్రమే వాడాలి, అంచు తెల్లచెక్క వద్దు. పట్టెల కొసలు నాలుకలా చెక్కి కుసి తీసి, మంచం కోళ్ళలోకి దిగ్గొట్టాలి, ఇనప బిళ్ళలూ బోల్టులూ కుదరవు. పాలిష్‌లో రంగు కలపకూడదు, చెక్క గీతలు కంటికి కనపడాలి.

మంచం పూర్తికాకముందే సెలవు అయిపోయింది. తర్వాత దాన్ని చూసిందల్లా ఫోన్లోనే. ప్రతి శుక్రవారం సాయంత్రం వీడియో కాల్. జాయ్ వెనక తేనె రంగులో మెరిసే తలవైపు చెక్క, దాని మీద ఏలీయా చెక్కిన ద్రాక్షగుత్తి.

ఇప్పుడా ద్రాక్షగుత్తి మాడిన బెల్లంలా నల్లగా ఉంది.

"రంగు మారిందేంటి బావగారూ?"

"టేకు కదమ్మా, ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుద్ది. ఆయ్, మీ నాన్నగారుంటే ఆయనే చెప్పేవారు."

అందులో సగం నిజం. టేకు ముదురుతుంది. కానీ ఇలా చెక్కిన సందుల్లో నలుపు గడ్డకట్టడం, ఎత్తుల మీద పలచబడటం ఉండదు. అలా చేసేది కాలం కాదు, బ్రష్షు.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, "కాసేపు నడుం వాలుద్దాం రామ్మా," అని జాయ్‌ని పిలిచింది. పిల్ల మంచం దగ్గర ఆగిపోయింది.

"మమ్మీ, నేను ఏ వైపు పడుకోవాలి?"

రెండేళ్ళు ఒకే మంచం మీద పడుకున్న పిల్లకి తన వైపేదో తెలియదా?

"నీ ఇష్టం. రోజూ ఏ వైపు పడుకుంటావ్?"

జాయ్ నోరు తెరిచింది. అప్పుడే పుష్పలత టీ గ్లాసులతో లోపలికొచ్చింది. జాయ్ నోరు మూసుకుంది.

మూడో రోజు సాల్మన్ కొట్టుకి వెళ్ళాడు. పుష్పలత జాయ్‌ని వెంటబెట్టుకుని చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది. ఆ వెంటబెట్టుకోవడం కూడా శారోన్ గమనించింది. వచ్చి మూడు రోజులైనా కూతురితో పది నిమిషాలు ఒంటరిగా కూర్చోలేదు. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు పక్కనుంటారు.

తలుపు గడియపెట్టి, పరుపు పక్కకి లాగి, ఫోన్ లైటుతో మంచం కిందకి దూరింది.

పట్టె అడుగున పాలిష్ లేదు. పాలిపోయిన చెక్క, సన్నటి చుక్కలు. చాకుతో గీకి వాసన చూసింది. ఏ వాసనా లేదు. కువైట్ హాస్టల్లో భోజనాల బల్లలు ఈ చెక్కవే. రబ్బరు చెక్క. ఎండినచోట పరవాలేదు కానీ కోనసీమ తేమకి పురుగు పడుతుంది. పట్టె కోడుని కలిసేచోట కుసి లేదు, కొత్త ఇనప బిళ్ళ, నాలుగు బోల్టులు. చేత్తో ఊపితే కిర్రుమంది.

తలవైపు చెక్క వెనక్కి వెళ్ళి అక్కడా గీకింది. నలుపు కింద బంగారు గోధుమ రంగు బయటపడింది. వేలికి నూనె జిడ్డు, తోలులాంటి ఘాటు. చిన్నప్పుడు సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న చొక్కా వాసన.

ఇది టేకే. అంటే మంచం సగం నిజం, సగం అబద్ధం. తేడా తెలియకుండా రెంటికీ ఒకే నలుపు పూశారు.

ఇంకో వాసన కూడా వేసింది. గోడకి కొత్త సున్నం, దాని కింద మక్కిన ఎండుకొబ్బరి కంపు. పిల్ల గదిలో కొబ్బరేమిటి?

గేటు చప్పుడైంది. ఆమె పైకి లేచి గడియ తీసేలోపే కిటికీ దగ్గర పుష్పలత మొహం.

"కువైట్ నించొచ్చి మంచం కింద దూరేవేంటి శారోనూ? బంగారం దాచేవా ఏంటి?"

"చెవి దిద్దు పడిపోయింది అక్కా."

"దొరికిందా?"

"దొరికిందండి."

పుష్పలత నవ్వింది. ఆమె కళ్ళు మాత్రం శారోన్ చెవుల మీద ఉన్నాయి. రెండు దిద్దులూ స్క్రూలు బిగించే ఉన్నాయి.

ఆ రోజు శారోన్ అనుమానం ఇద్దరి మధ్య ఊగింది. ఏలీయా మోసం చేశాడా, సాల్మన్ చేశాడా? ఏలీయా అయితే పోయింది మంచమే. సాల్మన్ అయితే, మంచం విషయంలో ఇంత పని చేసినవాడు పిల్ల విషయంలో ఏం చేశాడు?

మర్నాడు పొద్దున్నే, "జాయ్‌కి బూట్లు కొనాలి, అమలాపురం వెళ్ళొస్తాం," అంది.

"ఎండలో పిల్లెందుకు? కొలతిస్తాను. లేకపోతే నేనూ వస్తానుండు," అంది పుష్పలత, అప్పుడే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"స్కూటర్ మీద ముగ్గురం పట్టం అక్కా," అని శారోన్ జాయ్‌ని వెనక ఎక్కించుకుని బండి స్టార్ట్ చేసింది. అద్దంలో చూస్తే పుష్పలత గేటు దగ్గరే నిలబడి ఎవరికో ఫోన్ చేస్తోంది.

ఏలీయా షెడ్డులో చిత్రిక పడుతున్నాడు. శారోన్ పలకరింపు కూడా లేకుండా ఫోన్లో బోల్టుల ఫోటో చూపించింది.

"ఇదేనా బాబాయ్ నీ పనితనం? రబ్బరు చెక్కకి నల్లరంగు పూసి నాకు టేకని అంటగడతావా?"

ముసలాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. మొహం ఎర్రబడింది.

"నా చేతి పనిలో బోల్టులా? మీ నాన్న బతికుంటే ఈ మాటకి నిన్ను చెంపమీద కొట్టేవాడు. ఈ పట్టెలు నావి కావు తల్లీ. నేను చేసింది తలవైపు చెక్కొక్కటే."

"మొత్తం మంచం కదా చెప్పేను!"

"చెప్పేవు. నువ్వెళ్ళిన నెలకి సాల్మన్ గారొచ్చేరు. నువ్వే ఫోన్ చేసి ఆపమన్నావన్నారు. అయిన ముక్కొక్కటీ, మిగిలిన టేకంతా ఆటోలో వేయించుకుని పట్టుకెళ్ళిపోయేరు. వాళ్ళ కొబ్బరి గోడౌనుకి తలుపులు చేయించేరని తర్వాత విన్నాను. నీకు తెలిసే అనుకున్నానమ్మా."

శారోన్ షెడ్డులో స్టూలు మీద కూలబడింది. ఒంటరి తలవైపు చెక్కతో ఎవరు మాత్రం ఏం చేస్తారు? కోళ్ళు లేవు, పట్టెలు లేవు. అది దేనికి పనికొస్తుంది?

ఫోన్ గ్యాలరీ తెరిచింది. ప్రతి శుక్రవారం కాల్‌లో కూతురి మొహం ఫోటో ఒకటి దాచుకునేది. వేలితో పెద్దది చేసి చూసింది. జాయ్ నవ్వు, ద్రాక్షగుత్తి. ఇంకొకటి. జాయ్ నవ్వు, ద్రాక్షగుత్తి. ఎనభై, తొంభై ఫోటోలు. ఒక్కదాంట్లో మాత్రం, జూన్‌లో, పట్టుకున్నవాళ్ళ చెయ్యి జారి ఫోన్ కాస్త కిందకి వంగినట్టుంది. తలవైపు చెక్క అడుగున రెండు ఇటుకలు. ఇటుకల కింద వరండా ఎర్ర గచ్చు. పక్కన గోనెసంచి అంచు. జాయ్ కూర్చుంది నేల మీద పరిచిన పరుపు మీద.

గోడకి ఆనించిన చెక్క. ప్రతి శుక్రవారం, తన కోసం, పది నిమిషాలు.

ఆ పది నిమిషాలు చూసి ఆమె వారమంతా నిశ్చింతగా డ్యూటీ చేసేది.

"జాయ్," అంది మెల్లగా. "ఇక్కడ పెద్దమ్మ లేదు. నువ్వు రోజూ ఎక్కడ పడుకునేదానివి?"

జాయ్ చెక్కపొట్టులో బొటనవేలితో గీతలు గీస్తోంది.

"వరండాలో."

"వానాకాలం?"

"అప్పుడూ అక్కడే. గదిలో కొబ్బరి బస్తాలు కదా. నువ్వొస్తన్నావని పోయిన వారం బస్తాలు తీసి సున్నం వేసేరు. మంచం వ్యాన్లో వచ్చింది."

"ఆగస్టులో జ్వరమొచ్చినప్పుడు?"

"దోమతెర అడిగేను. పెదనాన్న తెస్తానన్నాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఫోన్ పెద్దమ్మే పట్టుకునేది కదా." కాస్త ఆగి, "నేను చెప్తే నువ్వు ఉద్యోగం మానేస్తావంట. అప్పుడు నన్ను బడి మానిపిస్తారంట," అంది.

ఏలీయా మొహం పక్కకి తిప్పుకున్నాడు. చేతిలో చిత్రిక అలాగే ఉంది.

ఇంటికొచ్చేసరికి సాల్మన్ కొట్టు మూసి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఈ వేళప్పుడు కొట్టు మూయడం ఎప్పుడూ లేదు. పుష్పలత ఫోన్ ఎవరికో అప్పుడర్థమైంది.

"బూట్లు దొరికాయామ్మా?"

"లేదండి. ఏలీయా బాబాయ్ దొరికేడు. మీ గోడౌను తలుపులు బాగా వచ్చాయంట కదా బావగారూ."

సాల్మన్ ఒక్క క్షణమే తడబడ్డాడు. తర్వాత అదే మెత్తటి గొంతు.

"కూర్చోమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం. చెక్కదేముంది, మళ్ళీ కొనుక్కోవచ్చు. నీ డబ్బు వృథా కాకూడదనే ఆ రోజు ఆపించేను. నీకు చెబుదామనే అనుకున్నానండి, ఆయ్."

"నేను చెక్క గురించి అడగట్లేదండి. ఈ వరండా గురించి అడుగుతున్నాను."

పుష్పలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంత మాటన్నావే! కన్నకూతుర్లా పెంచలేదా మేం?"

"పెంచేరక్కా. ఇక్కడ, ఈ గచ్చు మీద. దోమతెర కూడా లేకుండా."

సాల్మన్ కాళ్ళు చాపుకుని, తీరుబడిగా, గౌరవంగా అన్నాడు: "సరేనమ్మా, తప్పు మాదే. కానీ నువ్వు వచ్చే వారం ఫ్లైటెక్కాలి కదా. మీవైపు ఎవరున్నారు? పిల్లని ఎవరికప్పజెప్తావ్? కాస్త ఆలోచించుకో."

అతను దాచుకున్న అసలు ముక్క అదే. ఆమెకి వేరే దిక్కులేదన్న ధైర్యంతోనే ఇంతా చేశాడు. నిన్నటిదాకా అది నిజం కూడా.

హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ మోగింది. కువైట్ నంబరు. ఆస్పత్రిలో తన పై అధికారి, మలయాళీ ఆవిడ. శారోన్ అక్కడే, వాళ్ళ ముందే ఎత్తింది.

"సిస్టర్ శారోన్, కాంట్రాక్టు సంతకం చేసి పంపావా? రేపే ఆఖరు."

"లేదు మేడమ్. చేయట్లేదు. నేను రావట్లేదు."

సాల్మన్ చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు.

"ఏమంటున్నావ్? అక్కడొచ్చే జీతం ఇందులో మూడో వంతు కూడా ఉండదు. బాగా ఆలోచించావా?"

"అమలాపురంలో ఆస్పత్రులున్నాయి మేడమ్. పగటి డ్యూటీ ఎవరిస్తే వాళ్ళ దగ్గర చేస్తాను."

"కారణమేమని రాయమంటావు?"

జాయ్ గుమ్మానికి ఆనుకుని వింటోంది. శారోన్ ఒక చేత్తో పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మా ఇంట్లో మా అమ్మాయి పడుకోడానికి చోటు లేదని రాయండి," అని ఫోన్ పెట్టేసి, సాల్మన్ వైపు తిరిగింది. "ఆదివారం లోపు ఖాళీ చేసేయండి బావగారూ. వ్యాను నేను మాట్లాడతాను."