చిల్లులున్న తామరకాయ

నిజాంసాగర్ కాలువ నీళ్లు బాన్సువాడకు కొత్తగా వచ్చిన రోజులవి. కుంటల్లో తామర విరగబూసింది. ఊరంతా పూలు కోసుకుపోతే, కుమ్మరి నర్సింలు భార్య భూమవ్వ మాత్రం ఎండిన కాయ ఒకటి కొంగున కట్టుకొచ్చింది. ఊపితే గలగలమంటుంది, బోర్లిస్తే ఒక్క గింజా రాలదు. ఇదేం చిత్రమని ఆమెకు అన్నం సయించలేదు. అలాంటిది మట్టితో చేసి చూడాల్సిందే!

కుండలు చేసే సారెను ముట్టుకోవడం ఆడవాళ్లకు లేదు. లేకపోతే ఏం, వేళ్లున్నాయి కదా. మట్టి గింజలు చేసి, అంటుకోకుండా బూడిదలో పొర్లించి, లోపల పెట్టి, చుట్టూ కాయను చేత్తోనే మలిచింది. నీళ్లకు పనికిరాదు, బియ్యానికి పనికిరాదు, గూట్లో పెట్టి చూసుకోవడానికే. అయినా ఎంత ముచ్చటగా ఉందో! పైన చిల్లులు మాత్రం పొడవలేదు, ఊరికే గుండ్రాలు గీసింది. చిల్లికుండ చితి చుట్టూ తిప్పేది. కుమ్మరింటి ఆడది ఎవరైనా చేతులారా చేస్తుందా?

కుండలు కాల్చే ఆవంలో పెట్టారు. కాయ ఢామ్మని పగిలి, పక్కనున్న పెళ్లికుండలను కూడా పగలగొట్టింది.

"నీ ఆటలకు పెండ్లోళ్ల కుండలు పోయినయ్. ఇంకొక్కటి పగిలిందా, ఇగ ఆవం దిక్కు రానియ్య," అన్నాడు నర్సింలు. ఆ కోపంలో న్యాయముంది, కాదనలేం.

భూమవ్వ ధ్యాసంతా అది ఎందుకు పగిలిందన్న దాని మీదే. కుంటలో దొరికిన కాయను మళ్లీ తిప్పి తిప్పి చూసింది. ఒక్కో గింజకు ఒక్కో చిల్లి. లోపలి గాలి వేడెక్కితే పోయే దారి అదేనేమో! తాను మూసేసింది దాన్నే. తన తెలివికి తానే నవ్వుకుంది, ఆ వెంటనే భయపడింది. చిల్లులు పెట్టాలంటే అత్త బాలవ్వను ఒప్పించాలి.

మామ పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన స్వయంగా చేసిన కుండకే చిల్లులు పొడిచి చితి చుట్టూ తిప్పారు. బాలవ్వ దూరం నుంచి చూస్తూ నిలబడింది.

చిల్లులు పొడిచిన పచ్చిమట్టి కాయ కనపడగానే ముసలమ్మ ముఖం నల్లబడింది. "గిదెందుకు చేసినవే? ఒక్కసారి సూసింది సాల్దా నాకు?"

"గిది కుండ కాదత్తా, కాయ. చిల్లి లేకుంటే పగులుతుంది. నువ్వు ఒద్దంటే ఇప్పుడే పిసికేస్త."

బాలవ్వ పిసికెయ్యమనలేదు, ఉంచమనీ అనలేదు. అటు తిరిగి కూర్చుంది. నర్సింలు గొణుక్కుంటూనే కాయను ఆవం అంచున, మిగతా కుండలకు దూరంగా పెట్టాడు.

ఆవం విప్పిన పొద్దున బూడిద తోసుకుంటూ ముందు వెళ్లింది ముసలమ్మే. ఎర్రగా కాలిన కాయను తీసి, కొంగుతో తుడిచి, బోర్లించి కింద అరచెయ్యి పట్టింది. ఏదీ రాలలేదు. చెవి దగ్గర ఊపితే గలగలమంది.

"చిల్లులకెల్లి నీళ్లు కారుడే సూసిన," అంది. మళ్లీ ఊపింది. "గివి పోతలేవు పిల్లా."

ఆ రోజంతా కాయను కోడలి చేతికి ఇవ్వలేదు.