పుణ్యం దగ్గర తెగిన దారి

కో థియెన్-లోక్ గారి వేళ్ళు నిరుడు శరదృతువు నుంచి వణుకుతున్నాయి. ఆ సంగతి ఆయనకూ, ఆయన కుంచెకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. సముద్రపు ఒడ్డున, కడలి మీద వెళ్ళేవారిని కాచే మాత్సు అమ్మవారి గుడిలో నలభై మూడేళ్ళుగా దీపాల విన్నపం రాసేది ఆయనే. కొత్త ఏడాది తొలినెల తొమ్మిదో రోజు ఉదయం తొమ్మిది గంటలకు, దీపం పెట్టించుకున్న ప్రతివారి పేరూ, ఊరూ, పుట్టిన ఘడియా పసుపు కాగితాల మీద నిలువు వరుసల్లో కూర్చి, అమ్మ ఎదుట బిగ్గరగా చదివి, అగ్నికి అర్పించాలి. చదవని పేరు అమ్మ చెవిన పడదు. చెవిన పడని వారి దీపం ఏడాది పొడుగునా వెలిగినా అనాథగానే వెలుగుతుంది. ఈసారి పేర్లు పద్దెనిమిది వందల నలభై ఆరు.

ఇదివరకు వాటిని రాయడానికి ఆయనకు ఇరవై రోజులు పట్టేది. ఈ ఏడు ఇరవై రోజుల్లో ఇరవై పేర్లయినా తిన్నగా రావని ఆయనకు తెలుసు. అందుకే గుడి కార్యాలయం చూసుకొనే ఆ-కియోక్ వచ్చి, "కంప్యూటరుతో అచ్చు వేయిద్దాం, లోక్ అన్నయ్యా" అన్నప్పుడు ఆయన కాసేపు గొణిగి, ఆపైన ఒప్పుకున్నారు. గొణుగుడు పరువు కోసం, ఒప్పుకోలు వేళ్ళ కోసం.

ఒక్క షరతు మాత్రం పెట్టారు. పొరుగూరి గుడివారు ఏదో దుకాణంలో అచ్చు వేయిస్తే, అరుదైన అక్షరాలున్న పేర్ల చోట ఖాళీ చదరాలు పడ్డాయని ఆయన విన్నారు. "ఒక్క చదరం కనబడిందా, కాగితాలన్నీ చించేస్తా. తల్లిదండ్రులు పెట్టిన పేరు పట్టలేదంటే కాగితం మార్చుకోవాలి కానీ పేరు మార్చకూడదు" అన్నారు.

ఆ పని తలకెత్తుకున్నది షెన్ యూ-రోంగ్. ముప్పై ఒక్కేళ్ళ మనిషి. కాంగ్‌షాన్‌లో మరమేకుల ఫ్యాక్టరీలో తనిఖీ యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తుంది. గుడి కంప్యూటరు సంగతి ఆమెకు ముందే చెప్పారు: పదేళ్ళు దాటిన పాత విండోస్, ఒకసారి వైరసు పట్టినప్పటి నుంచి ఇంటర్నెట్టు తీగ పీకేశారు, కొత్తగా ఏదీ ఎక్కించకూడదని పాలకవర్గం తీర్మానం. పక్కన ముప్పై ఏళ్ళ డాట్ మాట్రిక్స్ ప్రింటరు. పసుపు కాగితం నలగకుండా లాగగలిగినది అదొక్కటే కనుక దానిని మార్చే ప్రసక్తి లేదు.

తొమ్మిదో రోజు ఉదయం ఏడింటికే యూ-రోంగ్ ఒక చేత్తో పెన్‌డ్రైవూ, మరో చేత్తో ముల్లంగి అట్లూ పట్టుకొని వచ్చింది.

"ఇంతేనా? పద్దెనిమిది వందల మంది ఇందులో కూర్చున్నారా?" అన్నది ఆ-కియోక్, పెన్‌డ్రైవును తిప్పి చూస్తూ.

"వాళ్ళూ ఉన్నారు పిన్నీ, వాళ్ళని మోసే బండీ ఉంది, బండిని నడిపే ఎద్దులూ ఉన్నాయి. అన్నీ ఒకే ఫైలు. రెండుసార్లు నొక్కితే చాలు."

లోక్ గారు దగ్గరికి జరిగారు. "అదెట్లా అమ్మాయ్? మా మనవడు చెప్పాడు, నువ్వు రాసేది పైథాన్ అట. అది నడవాలంటే ముందు ఆ పైథాన్ కూడా ఈ కంప్యూటర్లో ఉండాలట కదా. ఇందులో ఏమీ ఎక్కించకూడదన్నారు."

"అందుకే మూట కట్టా, తాతా. పరాయి ఊరు పోయేవాడు అవతలి ఇంట్లో నిప్పు కూడా లేదనుకొని సర్దుకోవాలి. బియ్యం, ఉప్పు, పొయ్యి, అగ్గిపెట్టె. నేను రాసింది రెండు వందల వరుసలే. దాన్ని చదివి నడిపించే పైథానూ, దానికి కావలసిన సరంజామా, అరుదైన అక్షరాలుండే ఫాంటూ, ఈ ముసలి ప్రింటరుతో మాట్లాడే పాత ఫైలూ, అన్నీ కలిపి, నొక్కితే తనంత తాను నడిచే ఒక ఈఎక్స్ఈ ఫైలు చేశా. నొక్కగానే ఓ మూల మూట విప్పుకుంటుంది, వండుకుంటుంది, పని అయ్యాక అంట్లు కూడా కడిగి పోతుంది."

"నా కోడలికి కూడా ఒకటి చేసిపెట్టు" అన్నది ఆ-కియోక్.

లోక్ గారు నవ్వలేదు. ఆయన ఆలోచిస్తున్నారు. "మరి ఇంటిల్లిపాదినీ మూట కడితే బరువు కాదూ?"

ఆ ప్రశ్న విని యూ-రోంగ్ తలెత్తి ఆయనను మళ్ళీ చూసింది. "అయింది తాతా. మొదటిసారి కట్టినప్పుడు మూడు వందల మెగాబైట్లు. విప్పుకోడానికే ఒకటిన్నర నిమిషం. తర్వాత ఒక్కోటి తీసేసి చూశా. తీస్తే ఆగిపోయిందా, మళ్ళీ పెట్టా. ఆగలేదా, పారేశా. పదకొండు రాత్రులు. ఇప్పుడు ముప్పై ఎనిమిది."

తీయవలసినది తీసి, ఉంచవలసినది ఉంచడం ఎంత కష్టమో నియమబద్ధంగా రాసేవారికే తెలుస్తుంది. విన్నపంలో ఒక వరుసకు ఇరవై నాలుగు అక్షరాలు. ఇరవై అయిదోది వస్తే దోషం, ఇరవై మూడుతో ఆగితే లోపం. ఇన్నేళ్ళూ ఆ కొలతలో బతికిన లోక్ గారికి, తన మనవరాలి ఈడు పిల్ల అదే తపస్సు మరో శాలలో చేస్తున్నదని ఆ క్షణాన తోచింది. పైకి మాత్రం, "అట్లు చల్లారుతున్నాయి" అన్నారు.

కంప్యూటరు మేల్కొన్నది. తెర మీద వాడుకరి పేరు 'గోంగ్-దె' అని రెండు అక్షరాల్లో వెలిగింది, అంటే 'పుణ్యం'. యూ-రోంగ్ ఫైలును అందులోకి దింపి, "మీరే నొక్కండి పిన్నీ" అని పక్కకు తప్పుకున్నది.

ఆ-కియోక్ ఏడుసార్లు నొక్కింది.

"రెండే, పిన్నీ!"

"పలకలేదుగా మరి!"

"విప్పుకుంటోంది. మీలాంటి వాళ్ళ కోసమే, ఒకటి నడుస్తుంటే రెండోది లేవకుండా కట్టా. ఎన్నిసార్లు నొక్కినా ఒక్కటే వస్తుంది."

తెర మీద 'దయచేసి ఆగండి, దీపాలు సిద్ధమవుతున్నాయి' అన్న మాట పడింది. వరుసలు వచ్చాయి. లోక్ గారు కళ్ళజోడు సవరించుకొని, అరుదైన అక్షరాలున్న పేర్లను ఒక్కొక్కటే వెదికి చూశారు. ఒక్క చదరమైనా లేదు. గీత మీద గీత, చుక్క మీద చుక్క, పుట్టినప్పుడు పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు ఆ-కియోక్ అచ్చు మీట నొక్కింది. నల్లని కిటికీ ఒకటి రెప్పపాటులో మెరిసి మాయమైంది. దానితోపాటు వరుసలన్నీ మాయమయ్యాయి. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అదే. ప్రింటరు పిల్లిలా కూర్చొని చూస్తున్నది.

"మా ఇంట్లో నడిచింది. ఫ్యాక్టరీలో నడిచింది. ఏమీ లేని ఉత్త కంప్యూటరొకటి తెచ్చి, ఇదే రకం ప్రింటరు తగిలించి దాని మీద కూడా నడిపా" అన్నది యూ-రోంగ్. ఆమె మెడ ఎర్రబడింది.

గోడ గడియారం ఏడూ నలభై అయిదు.

ఆ-కియోక్ అమ్మవారి ముందుకు వెళ్ళి, నెలవంక ఆకారపు కొయ్యబిళ్ళలు రెండూ పట్టుకొని, ఈ యంత్రం నీకు సమ్మతమేనా తల్లీ అని అడిగి నేల మీద వేసింది. రెండూ చదునువైపు పైకి పడ్డాయి.

"ఏమన్నది?" అని లోక్ గారు అరిచారు.

"నవ్వుతోంది! రెండు బిళ్ళలూ వెల్లకిలా పడ్డాయి, అవునూ కాదు, కాదూ కాదు!"

"నవ్వుతుంది, నవ్వదా! ఆవిడకేం, చదివేది నేను కదా!"

ఆయన తన బల్ల దగ్గరకు వెళ్ళి సిరా నూరి, పసుపు కాగితం పరచి, మొదటి పేరు మొదలుపెట్టారు. నిలువుగీత సగం వరకు వచ్చి నీటిలో నీడలాగా వంకర తిరిగింది. ఆయన చేయి వెనక్కి తీసుకొనేలోపల ఆ-కియోక్ ఆ గీతను చూసింది. యూ-రోంగ్ కూడా చూసింది. పొద్దుటిదాకా ఆయనకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇప్పుడు గదిలో అందరికీ తెలుసు: ఈ యంత్రం పలకకపోతే ఈ ఏడాది అమ్మకు విన్నపం లేదు.

యూ-రోంగ్ ఫోను తీసింది. "పిన్నీ, మళ్ళీ నొక్కండి. నెమ్మదిగా సాగే వీడియో తీస్తా. అది ఎంత వేగంగా పారిపోయినా పట్టుకుంటా."

పట్టుకున్నది. ఫోను తెర మీద నల్లని కిటికీ కదలకుండా నిలిచింది. ప్రింటరు తాలూకు పాత ఫైలు దేని కోసమో వెదికి, దొరకలేదని చెప్పి చనిపోయింది. అది వెదికిన దారి అక్కడ వరుసగా రాసి ఉన్నది. యూ-రోంగ్ దానిని రెండుసార్లు చదివింది. తన ఫోల్డర్ల పేర్లు అన్నీ సరిగ్గానే ఉన్నట్లు తోచింది.

లోక్ గారు ఆమె భుజం మీదుగా వంగారు. ఆయనకు కంప్యూటరు దారులు తెలియవు, అక్షరాలు తెలుసు.

"ఇదేమిటమ్మాయ్? 'దె' ఒక్కటే ఉంది. దాని ముందు ఉండాల్సిన 'గోంగ్' ఏది? రెండూ కలిస్తేనే కదా పుణ్యం. ఇక్కడ ఏదో పిచ్చిగుర్తు, ఒక ఏటవాలు గీత, ఆ తర్వాత ఒంటరిగా 'దె'. పుణ్యాన్ని మధ్యకు కోసిందెవరు?"

యూ-రోంగ్ రెండు చేతులా నెత్తి కొట్టుకున్నది. "షు గై-గోంగ్! ఈయన ఇక్కడికీ వచ్చాడా!"

"ఎవరాయన? ఏ ఊరు?" అన్నది ఆ-కియోక్. "దీపం పెట్టించాడా?"

"పుట్టనేలేదు పిన్నీ! మా వృత్తిలో పెద్దలు పెట్టిన ఉత్తుత్తి పేరు. షు, గై, గోంగ్, మూడూ శాపగ్రస్తమైన అక్షరాలు. పాత లెక్కలో మన ఒక్కో అక్షరాన్నీ కంప్యూటరు రెండు ముక్కలుగా దాచుకుంటుంది. ఈ మూడింటి రెండో ముక్కా, ఫోల్డరుకీ ఫోల్డరుకీ మధ్య పెట్టే ఏటవాలు గీతా ఒకటే గుర్తు. కొత్త ఫైళ్ళు పొరబడవు. ఈ ప్రింటరు ఫైలు పాతది. 'గోంగ్' చూసి, సగంలోనే ఫోల్డరు అయిపోయిందనుకుంది."

"అంటే ఒక మాటను తప్పు చోట విరిచి చదివింది" అన్నారు లోక్ గారు.

"అంతే! మూట విప్పుకునేది వాడుకరి పేరు మీదున్న ఫోల్డర్లో. ఇక్కడ వాడుకరి పేరు పుణ్యం. నా కంప్యూటర్ల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అన్నీ చూశా కానీ గుడి కంప్యూటరుకి గుడి మాటే పేరుగా ఉంటుందని తోచలేదు."

పదచ్ఛేదం తప్పితే అర్థం తలకిందులవుతుంది; స్వరం తప్పిన మంత్రం చదివించినవాడినే కొడుతుంది. అక్షరమెరిగిన జాతులన్నిటికీ ఈ భయం ఉమ్మడి సొత్తు. యంత్రానికి కూడా అదే దోషం పట్టుకుంటుందని తెలిసి లోక్ గారికి దాని మీద మొదటిసారి జాలి కలిగింది.

"అయితే ఆ పేరు తీసేసి 'ఏ' అనో 'బి' అనో పెట్టు, వదిలిపోతుంది" అన్నారాయన, గడియారం వైపు చూస్తూ. ఎనిమిది.

ఆ-కియోక్ గయ్యిమన్నది. "తొలినెలలో, అమ్మ గుడిలో, పుణ్యం చెరిపేస్తారా? నా చేతుల మీదుగా జరగనివ్వను!"

"చెరపక్కర్లేదు పిన్నీ" అన్నది యూ-రోంగ్. అప్పటికే తన ల్యాప్‌టాప్ తెరిచింది. "పేరు తప్పు కాదు, దాన్ని మోయలేని మూటది తప్పు. తాత చెప్పలా, పేరు పట్టకపోతే కాగితమే మారాలని? మూట ఎక్కడ విప్పుకోవాలో కట్టేటప్పుడే చెప్పొచ్చు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

ఒక వరుస మార్చింది. సి డ్రైవు మొదట్లోనే, పుణ్యం ఫోల్డరుతో పనిలేకుండా, నాలుగు ఇంగ్లీషు అక్షరాల పేరుతో విడిగా ఒక చోటు చూపింది. మళ్ళీ మూట కట్టమన్నది. ల్యాప్‌టాప్ తెర మీద వందలాది వరుసలు పరుగెత్తసాగాయి: ఏది కావాలి, అది దేని మీద ఆధారపడింది, అది మరి దేని మీద. వేరు వెంట వేరు వెదుక్కుంటూ పోయి, అవసరమైన ప్రతిదాన్నీ తెచ్చి ఒకచోట పేర్చుతున్నది. ఆ పరుగులో ఒక్క పదమూ లోక్ గారికి బోధపడలేదు. అయినా ఆయన కళ్ళు తిప్పుకోలేదు. ఎవరూ చూడని చోట, ఎవరూ మెచ్చుకోని పని ఇంత శ్రద్ధగా జరుగుతుంటే దానిని ఆరాధన అనక ఏమనాలో ఆయనకు తెలియలేదు.

ఎనిమిదీ పన్నెండుకు కొత్త ఫైలు గుడి కంప్యూటరులోకి వచ్చింది. ఆ-కియోక్ ఈసారి సరిగ్గా రెండుసార్లే నొక్కి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. వరుసలు వచ్చాయి. అచ్చు మీట. నల్లని కిటికీ రాలేదు. ముసలి ప్రింటరు ఒకసారి గొంతు సవరించుకొని, కర్రుకర్రుమంటూ పసుపు కాగితాన్ని లాక్కున్నది.

అరవై రెండు కాగితాలు. ఒక్కొక్కటి బయటకు వస్తుంటే లోక్ గారు అందుకొని, పేరు పేరునా వేలు పెట్టి సరిచూశారు. కాగితం మీద ఆనిన వేలు వణకలేదు. ఎనిమిదీ యాభైకి చివరి కాగితం వచ్చింది. దాని అడుగున 'ఈ విన్నపం కూర్చినవారు' అన్న వరుస కింద జాగా ఖాళీగా ఉన్నది.

"ఇది పడలేదేం?" అన్నారు.

"అది యంత్రం వేయకూడదు తాతా. తప్పొప్పులకు పూచీ పడేవాళ్ళు సొంత చేత్తో రాయాలి కదా. అందుకని వదిలేశా."

లోక్ గారు ఆమెను తేరిపార చూశారు. కుంచె సిరాలో ముంచి, తన పేరు రాశారు. మూడు అక్షరాలూ గాలికి ఊగే రెల్లులాగా వచ్చాయి. ఆయన దాచలేదు. కుంచెను ఆమెకు చాచారు.

"రాయి."

"నేనా? పేర్లన్నీ మీ దీపాల పుస్తకంలోంచి తీసుకున్నవి. నేను మూట కట్టానంతే."

"మూట కట్టినవాళ్ళకి పూచీ లేదా? ఇందాక తప్పు మూటదన్నది ఎవరు? రాయమ్మా, గంట కొడుతున్నారు."

"నా రాత కోడిగీతల్లా ఉంటుంది, తాతా."

"నాది చూశావుగా" అన్నారాయన.

ఆమె రాసింది. సిరా ఆరే వరకు ఆ-కియోక్ విసనకర్రతో విసిరింది. లోక్ గారు కాగితాల దొంతరను రెండు చేతులా నుదుటికి ఆనించుకొని, అమ్మ ముందు మోకరిల్లి, నలభై మూడేళ్ళ గొంతు విప్పి మొదటి పేరు చదివారు.