బాకీ లేని కెమెరా

మా బామ్మర్ది ఉమేశ్ నాకు చేసిన అన్యాయం ఒక్కటే: వాడు చెప్పింది నిజమైంది. తప్పయి ఉంటే ఈపాటికి ఎప్పుడో క్షమించేవాణ్ణి.

మహారాష్ట్రలోని నాందేడ్, వజీరాబాద్‌లో వాడిది మొబైల్ కవర్ల దుకాణం. దాని పక్కనే నా ఫోటో స్టూడియో. ఏడో తరగతిలో బడి మానేసి కెమెరా పట్టినవాణ్ణి, ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. ఇప్పుడు పెళ్లికొచ్చిన ప్రతివాడి చేతిలో ఫోనుంది. నన్నెవరైనా పిలిచారంటే పక్కకు జరగమనడానికే. స్టూడియో మెట్లెక్కేవాళ్లలో సగం మంది జిరాక్స్ ఉందా అని అడిగి దిగిపోతారు.

అలాంటి రోజుల్లో సాయలి వచ్చింది. బియ్యం వ్యాపారి వెంకట్రావ్ గారి మనవరాలు. వాళ్ల నానమ్మ గోదావరిబాయి పెళ్లినాటి ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది. నలుపు తెలుపుదే, కానీ ముక్కుపుడకలో రాళ్లు లెక్కపెట్టొచ్చు.

"అంకుల్, నా పెండ్లిల గిసొంటి ఫోటోలు గావాలె. ఫోన్ల ఫిల్టర్ ఏసుడు గాదు, అసలు ఫిల్మ్ మీద. మీతోని అయితదా? లేకుంటే హైదరాబాదోళ్లని పిలుస్తం."

"అయితది బిడ్డా!" అన్నాను. హైదరాబాద్ పేరు వింటే నాకంటే ముందు నా నోరు జవాబిస్తుంది. ఆ పెళ్లి దొరికితే ఇంకో ఏడాది అద్దె కట్టుకోవచ్చు. దొరక్కపోతే షట్టరు దించి తాళం యజమాని చేతిలో పెట్టాల్సిందే.

ఆ పాత ఫోటో పెద్ద ఫిల్ముది. మూడు వేళ్ల వెడల్పుంటుంది, రీలుకు పన్నెండు ఫోటోలే. అలాంటి కెమెరా నాకు పని నేర్పిన మా ఉస్తాద్ దగ్గర ఉండేది. నా దగ్గర లేదు. పెళ్లికి నెల రోజుల గడువుంది.

ఉమేశ్ నన్ను బండెక్కించుకుని ముద్‌ఖేడ్ తీసుకెళ్లాడు. అక్కడ స్టేషన్ దగ్గర స్టూడియో మూసేసిన రామచందర్ తన బీరువాలోంచి ఒక యాషికా కెమెరా తీశాడు. రెండు కళ్లది. పై కన్ను మనం చూసుకోవడానికి, కింది కన్ను ఫోటో తీయడానికి. పద్నాలుగు వేలన్నాడు.

"తీస్కో బావ," అన్నాడు ఉమేశ్. "కన్ను ఊడది, వీపు ఊడది. అన్నీ దీన్లనే ఉన్నయ్."

"గిది మా ఉస్తాద్ నాటి డబ్బా రా. మెడల ఏస్కుంటే పెండ్లిల నవ్వుతరు. నాకు సిస్టమ్ గావాలె."

సిస్టమ్ అనే మాట వీడియోల్లో నేర్చుకున్నాను. అదొక నలుచదరపు కెమెరా. లెన్సు వేరు, ఫిల్ము పెట్టె వేరు, పైనుంచి చూసే గూడు వేరు. ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు. జన్మలో నాకు కావాల్సింది నేను బిగించుకున్న సందర్భం లేదు కాబట్టి మనసు పడ్డాను.

"ఊడేటియి మనింట్ల శానున్నయ్ కద బావ, ఇంకోటెందుకు?" అన్నాడు వాడు. రామచందర్ పళ్లన్నీ కనబడేట్టు నవ్వాడు. ఆ నవ్వుకే యాషికాను అక్కడ వదిలేసి వచ్చాను.

అందరూ డెబ్బై వేలు చెబుతున్న సిస్టమ్‌ను పుణెలో మయూర్ అనే కుర్రాడు ఇరవై మూడు వేల ఐదు వందలకే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. ఫోటోలో ముందువైపు నల్ల మూత ఉంది. మూత కింద లెన్సు ఉంటుందనుకున్నాను. మూత ఉందంటే లోపల ఏదో ఉంటుందనుకోవడం మా ఇంట్లో అలవాటు.

ఇంతకుముందు ఒకసారి సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్ కొంటే, పాత యజమాని వాయిదాలు బాకీ ఉన్నాడని ఫైనాన్సువాళ్లు వచ్చి ఎత్తుకుపోయారు. అప్పటినుంచి ఏది కొన్నా మొదట బాకీ ఉందా అనే అడుగుతాను. మయూర్‌నీ ఫోన్‌లో మరాఠీలో అదే అడిగాను:

"బాకీ ఆహే కా?"

"బాకీ కాహీ నాహీ, కాకా."

"పక్కా?"

"పక్కా! బాకీ కాహీ నాహీ."

అప్పు లేదు, చిక్కు లేదు. తెలివితక్కువవాడు దొరికాడని లోలోపల మురిసిపోతూ డబ్బు పంపాను.

పార్శిల్ వచ్చిన రోజు ఉమేశ్‌ను కావాలనే పిలిచాను. మా ఆవిడ సుమన కత్తెర తెచ్చింది. నల్ల మూత తీశాను. కింద లెన్సు లేదు, బొక్క ఉంది. వెనక ఫిల్ము పెట్టె ఉండాల్సిన చోటు ఖాళీ. పైన గూడూ లేదు, దాని కింద బొమ్మ పడే గాజు పలకా లేదు. పక్కనున్న పిడి తిప్పితే లోపల అద్దం ఒకటి టక్కున ఏటవాలుగా కిందికి దిగింది. నేను ముందు బొక్కలోంచి చూశాను. అదే సమయానికి ఉమేశ్ పై బొక్కలోంచి తొంగి చూశాడు. ముప్పై ఏళ్ల అనుభవంతో నేను కొన్న సిస్టమ్‌లో మొట్టమొదట కనిపించిన దృశ్యం మా బామ్మర్ది పళ్లు.

"మస్తు కనవడ్తున్నవ్ బావ," అన్నాడు.

సుమన డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏందయ్యా ఇది, పిట్టల గూడా?"

మయూర్‌కు ఫోన్ చేసి అరిచాను. వాడు అరవలేదు.

"కాకా, బాకీ ఆహే కా, అసం తుమ్హీచ్ విచార్లం నా? బాకీ కాహీ నాహీ అసం సాంగిత్లం. దోన్‌దా!"

నిజమే. అడిగింది నేనే, రెండుసార్లు చెప్పింది వాడే. మరాఠీలో బాకీ అంటే మిగతాది. మిగతా సామాను ఏమీ లేదు కాకా, అన్నాడు పాపం. నేను పుట్టింది మరాఠీ ఊళ్లో, రేషన్‌కార్డు మరాఠీ, తిట్టుకునేది కూడా మరాఠీలోనే. కానీ డబ్బు మాట వచ్చేసరికి నా చెవులు తెలుగువైపోతాయి. ఆ మిగతా సామానుకు ఇంకో నలభై ఎనిమిది వేలవుతుందట.

అభిమానం చంపుకుని మళ్లీ ముద్‌ఖేడ్ వెళ్లాను. "అమ్ముడువోయింది," అన్నాడు రామచందర్. "ఆ దినం మీరు పోయిన ఎనుక మీ బామ్మర్దే మళ్లొచ్చి కొంటవొయిండు. చెప్పలేదా?"

చెప్పలేదు. ఇంటికొచ్చి నిలదీస్తే ఉమేశ్ తలగోక్కున్నాడు. "నీకే అక్కరొస్తదని తెచ్చి పెట్టిన బావ. నీ తిక్క నాకెర్క లేదా? పెండ్లికి కిరాయికిస్త. రెండువేలు ఇయ్యి. చుట్టపోళ్లమని తక్వ చెప్పిన."

పెళ్లి తీశాను. బాగా తీశాను, అది మాత్రం ఎవరూ కాదనలేరు. సాయలి ముక్కుపుడకలో రాళ్లు లెక్కపెట్టొచ్చు. ఆ ఏటి అద్దె గట్టెక్కింది. కానీ మండపంలో గోదావరిబాయి యాషికాను చూసి కళ్లు తుడుచుకుని, "నా పెండ్లికి గూడ గిసొంటిదే తెచ్చిండ్రు. ఎవల్దయ్యా గిది?" అని అడిగినప్పుడు నేను నడుం వంచి కెమెరాలోకి చూస్తున్నాను. స్టాండు పట్టుకుని నిలబడ్డవాడు ఉమేశ్.

"నాదే నానమ్మా," అన్నాడు.

అబద్ధం కాదు కదా! చుట్టాలందరూ వాడి నంబరే రాసుకున్నారు. తర్వాతి మూడు పెళ్లిళ్లూ వాడికే వచ్చాయి. ఫోటోలు తీసేది నేనే, రోజు కూలికి. మొన్న ధర్మాబాద్ పెళ్లి నుంచి వస్తూ దారిలో టీ తాగించి, నా భుజం తట్టి, "ఆ కిరాయి రెండువేలు నువ్వియ్యకు బావ. ఇగ మన నడుమ బాకీ ఏం లేదు," అన్నాడు.

ఏ భాషలో అన్నావని అడగలేదు. పిట్టల గూడు స్టూడియో అద్దాల బీరువాలో ఉంది, మూత పెట్టే ఉంది. ధర, కొరియరు కలిపి నాకు పోయింది ఇరవై మూడు వేల ఎనిమిది వందల యాభై రూపాయలు.