బూడిద కాపరికి ఎన్ని మార్కులు

ఇల్పోకి శుక్రవారమంటే పండగ. లోకంలో ఎక్కడెక్కడి మెటల్ అనే హోరు సంగీతపు బృందాలూ కొత్త ఆల్బమ్‌లు వదిలేది ఆ రోజే. ఉత్తరాది మంచుదేశంలోని కువోపియో ఊళ్ళో సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్కు అతను. వారమంతా నూనె చేతులతో తిరిగే మనిషి, శుక్రవారం సాయంత్రం మాత్రం శుభ్రంగా స్నానం చేసి, సరస్సు ఒడ్డు రోడ్డు మీద కారు తోలుకుంటూ కొత్త ఆల్బమ్ వినేవాడు. ఆదివారానికల్లా దానిమీద తన అభిప్రాయం ఒక వెబ్‌సైట్‌లో రాసేవాడు. అక్కడి బడిపిల్లలకి వేసినట్టే నాలుగు నుంచి పది దాకా మార్కు వేసేవాడు. నాలుగంటే తప్పినట్టు, పదంటే ఇంక వంక పెట్టడానికి లేనట్టు. పది ఎవరికీ వేసిన పాపాన పోలేదు. తొమ్మిదీ అంతే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక స్వీడన్ బృందం గురించి, "పాట తొమ్మిది నిమిషాలు. సరుకు రెండు నిమిషాలు. మిగతాదంతా గిటార్లు శ్రుతి చేసుకుంటున్నారేమో అనుకుని ఓపిగ్గా ఎదురుచూశాను" అని రాశాడు. ఎన్నో ఏళ్ళకి మళ్ళీ ఒక్కటైన ఓ ముసలి రాక్ బృందానికి ఐదు వేసి, "కలవకుండా ఉంటే ఒకరంటే ఒకరికి గౌరవమైనా మిగిలేది" అన్నాడు. అయినా ఇల్పో ఏడు వేశాడంటే కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చని కుర్రకారులో పేరుంది. తిట్టించుకున్నవాళ్ళే అందరికంటే ముందు చదివేవాళ్ళు.

ఆ కారులో పక్క సీటు రౌనోది. బడి రోజుల నుంచీ స్నేహం. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒక బృందం కట్టారు, ఇల్పో గిటారు, రౌనో డ్రమ్ములు. ఓసారి రౌనో సరదాపడి మైకు పట్టుకుని పాడాడు. ఇల్పో అంతా విని, "ఒరేయ్, తలుపు సందులో తోక ఇరుక్కున్న దూడ కూడా నీకంటే శ్రుతిలో అరుస్తుందిరా" అన్నాడు. రౌనో పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత మళ్ళీ మైకు జోలికి పోలేదు. బృందం ఎప్పుడో చితికిపోయింది గానీ శుక్రవారం షికారు మాత్రం నిలిచింది. దానికి రౌనో పెట్టిన నియమం ఒకటుంది. ఆల్బమ్‌ని కారులో, మొదటి పాట నుంచి చివరి పాట దాకా, నోరు విప్పకుండా వినాలి. అప్పటిదాకా అభిప్రాయం చెప్పకూడదు. "కారులో వినంది విన్నట్టు కాదురా. పాపం, ఎంత చెత్త చేసినవాడికైనా ఆ మర్యాద ఇవ్వాలి" అనేవాడు.

ఈ చలికాలం రౌనో రావడం మానేశాడు. "దగ్గురా, ఈ వారం వద్దులే" అనేవాడు ఫోనులో. వారాలు గడిచినా అదే మాట. ఇల్పో కొన్నాళ్ళు ఒక్కడే తోలాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే కారంతా బావురుమన్నట్టుండేది. దాంతో అదీ మానేసి, షెడ్డులోనే మధ్యాహ్నం రై రొట్టె నములుతూ, చెవుల్లో ఇయర్‌ఫోన్ బుడిపెలు పెట్టుకుని కొత్త ఆల్బమ్‌లు కానిచ్చేయడం మొదలెట్టాడు. కానిచ్చేయడమంటే కానిచ్చేయడమే. ఎదురుగా బస్సు ఇంజను విప్పి ఉండేది, సగం ధ్యాస దానిమీదే.

'బూడిద కాపరి' అనే కొత్త బృందం ఆల్బమ్ విన్నదీ అలాగే. చేసిందెవరో ఎక్కడా పేరు లేదు. ఆ రకం సంగీతంలో అదేం వింత కాదు. ముఖాలకి మసి పూసుకుంటారు, దొంగపేర్లు పెట్టుకుంటారు, గొంతు చించుకుని అరిచే ఆ అరుపులో కన్నతల్లికైనా కొడుకు ఆనవాలు దొరకదు. ఇల్పో ఇలా రాశాడు: "గాయకుడికి ఊపిరి చాలదు. చరణం మధ్యలో ఆగిపోయి గాలి కోసం వెతుక్కుంటాడు. ఈ పెద్దమనిషి ఎవరో గానీ, పొయ్యి పక్కన కూచుని ఊలు సాక్సులు అల్లుకుంటే అందరికీ సుఖం. నాలుగు."

ఆ రాత వచ్చిన వారానికి రౌనో అక్క ఇర్మెలి షెడ్డుకి వచ్చింది. ఆమె ఎప్పుడూ అటు వచ్చిన మనిషి కాదు.

"చేతులు కడుక్కో ఇల్పో, మాట్లాడాలి" అంది. అతను గుడ్డతో తుడుచుకుంటూనే నిలబడ్డాడు. "రౌనోని ఆసుపత్రిలో చేర్చాం. మామూలు ఆసుపత్రి కాదు. మళ్ళీ ఇంటికి పంపని చోటు."

"దగ్గన్నాడుగా."

"దగ్గే. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. వాడికి తెలిసి ఏడాది దాటింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నాకు మాత్రం చెప్పాడా? మందుల డబ్బా కంటబడి నేనే నిలదీశాను. మా ఇంట్లో మగాళ్ళు చెప్పరు. మీ ఇంట్లో చెబుతారేం?"

ఇల్పో చేతిలోని నూనె గుడ్డని మడతపెట్టాడు.

"ఇంకోటి కూడా ఉంది. ఆ బూడిద కాపరి వాడే."

"ఎవడు?"

"రౌనో. పోయిన వేసవంతా సరస్సు దగ్గర మా చెక్కింట్లో కూచుని ఒక్కడే చేశాడు. వాయించిందీ వాడే, పాడిందీ వాడే. సాక్సులు అల్లుకోమన్నావుట కదా. నాకు చదివి వినిపించి మరీ నవ్వాడు. ఆ నవ్వుకి దగ్గొచ్చింది. ఎంతకీ ఆగలేదు ఆ దగ్గు."

ఇల్పో పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఆ రాసిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. ఇర్మెలి అతన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "నిన్ను రమ్మన్నాడు" అని చెప్పి వెళ్ళిపోయింది.

మంచం మీద రౌనో సగానికి సగం అయిపోయాడు. ముక్కులో గొట్టాలు. ఇల్పోని గుమ్మంలో చూడగానే, "ఏరా, ఊలు తెచ్చావా?" అన్నాడు.

"ఒరేయ్ రౌనో, నాకు తెలీదురా..."

"ఊరుకో. ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. కారులో విన్నావా?"

విన్నానని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఇల్పో అనలేకపోయాడు. "లేదు. షెడ్డులో. రొట్టె తింటూ."

రౌనో కళ్ళు మూసుకున్నాడు. మెల్లగా, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ అన్నాడు. "నాలుగు వేసినందుకు బాధ లేదురా. నీ ఇష్టం నీది. కానీ గెడ్డం మొలవని ప్రతి వెధవకీ మనం ఇచ్చిన మర్యాద నాకు దక్కలేదు చూశావా, అది గుచ్చుకుంది."

"అసలు పేరెందుకు దాచావు?"

"నేనని తెలిస్తే నువ్వు మెత్తబడతావు. అప్పుడు పాడొద్దన్నావు, మానేశాను. నువ్వన్నది నిజమేనా కాదా, పోయేలోపల తేల్చుకుందామనిపించింది. మా అక్క బాగుందంటుంది, నర్సమ్మ బాగుందంటుంది. అవన్నీ ఎందుకు నాకు? నువ్వు చెప్పు. కారులో విని చెప్పు."

ఏప్రిల్ నెల. సరస్సు మీద మంచు నల్లబడి, మంచుకి కన్నం చేసి చేపలు పట్టేవాళ్ళు కూడా దానిమీదికి దిగడం మానేశారు. నర్సు రౌనోకి దుప్పట్లు చుట్టి కారెక్కించి, ప్రాణవాయువు సిలిండరు కాళ్ళ మధ్య పెట్టి, త్వరగా తీసుకురమ్మని మరీ మరీ చెప్పింది. సరస్సు ఒడ్డు రోడ్డు ఎక్కాక ఇల్పో సీడీ పెట్టాడు. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

ఇల్పో ఈసారి నిజంగా విన్నాడు. మొదటి రెండు పాటలూ ఇదివరకే ఎవరెవరో చేసేసినవి, తమ కుర్రతనంలో అరగదీసిన క్యాసెట్ల వాసన కొడుతున్నాయి. మూడోది సాగింది, అనవసరంగా సాగింది. డ్రమ్ములు మాత్రం, అబ్బ, రౌనో చెయ్యి ఎప్పుడూ తప్పు పలకదు. ఇన్నేళ్ళుగా ఎరిగిన ఆ చేతిని షెడ్డులో ఎలా పోల్చుకోలేకపోయానా అని తన చెవుల్ని తానే తిట్టుకున్నాడు. చివరి పాటకి వచ్చేసరికి వాద్యాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. గొంతు ఒక్కటే మిగిలింది. చరణం మధ్యలో ఆగి గాలి పీల్చుకునే ఆ చప్పుడు ఉంది చూడండి, షెడ్డులో తను వెక్కిరించింది, దాన్ని రౌనో దాచుకోలేదు. ఆ చప్పుడు మీదే తర్వాతి మాట ఎత్తుకుంటున్నాడు. పక్క సీట్లోంచి కూడా అదే చప్పుడు వస్తోంది. ఏది పాటలోదో ఏది పక్కదో ఇల్పోకి కొంతసేపు తెలియలేదు.

పాట అయ్యేసరికి కారు ఆసుపత్రి ముందు ఆగి ఉంది. రౌనో ముఖం తిప్పి చూస్తున్నాడంతే. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడి చూపు అది.

ఆరున్నర. నాలిక చివరి దాకా వచ్చింది. అంతలో దుప్పటిలోంచి బయటికొచ్చిన రౌనో మణికట్టు కనబడింది, పుల్లలా. ఆ మణికట్టుని చూస్తూ ఇల్పో, "తొమ్మిది" అన్నాడు.

"తొమ్మిదా."

"తొమ్మిదిరా. కారులో వింటే ఎంత తేడా."

"మూడో పాట?"

"బాగుంది."

"సాగలేదూ?"

"అబ్బే."

రౌనో ముఖం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. "సరే. చలేస్తోంది, లోపలికి పోదాం" అన్నాడు. చక్రాల కుర్చీ తలుపు దగ్గరికి వచ్చాక, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పోతున్నానని డాక్టరు చెప్పినప్పుడు కూడా నాకు ఇంత నమ్మకం కుదరలేదురా. ఇల్పో తొమ్మిది వేశాడంటే ఇంక అయిపోయినట్టే."

ఆ రాత్రంతా ఇల్పో, చచ్చేవాడికి చక్కెర పెట్టి పంపించాను, వాడు అడిగింది అది కాదు కదా అని తనలో తాను కుమిలిపోయాడు. పొద్దున్నే వెళ్ళి నిజం చెప్పేద్దామనుకున్నాడు. వెళ్ళేసరికి నొప్పికి మందు పెంచారు. రౌనో నిద్రలో ఉన్నాడు. ఇర్మెలి, నర్సు అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందు నిద్రపోయే మనిషి చెవిలో మార్కులు చెప్పడానికి మొహం చెల్లలేదు. లేచాక చెబుదాంలే అనుకుని కూచున్నాడు. రౌనో మళ్ళీ లేవలేదు.

జీవితమంతా నల్లచొక్కాలే తొడిగిన ఇల్పోకి అంత్యక్రియల రోజు నల్లసూటు ఎక్కడా ఇమడలేదు. ప్రార్థనామందిరంలో ఒక్కొక్కళ్ళే లేచి, శవపెట్టె మీద పూలు పెట్టి, పూలకి కట్టిన కార్డు మీది మాటలు పైకి చదివి వెనక్కి వస్తున్నారు. "శాంతిగా విశ్రమించు." "నీ జ్ఞాపకం మాతోనే." అవే మాటలు. ఇల్పో వంతు వచ్చింది. కార్డు విప్పి చదివాడు.

"బూడిద కాపరి. కారులో విన్నాను. మొదటి రెండు పాటలు ఇదివరకే వేరేవాళ్ళు చేసేశారు. మూడోది సాగింది. డ్రమ్ములకి వంక లేదు. గాయకుడికి ఊపిరి చాలలేదు, కానీ చివరి పాటలో ఆ చాలకపోవడాన్నే పాడాడు. అలా పాడగలిగినవాణ్ణి నేను వేరే వినలేదు. ఇతన్ని ఒకప్పుడు పాడొద్దన్నవాడిదే తప్పు. ఆరున్నర. ముందు చెప్పిన తొమ్మిది అబద్ధం."

పాస్టరు గారు చేతిలో పుస్తకం పేజీ ఊరికే తిప్పారు. వెనక వరసలో ఎవరో పెద్దావిడ, "చనిపోయినవాడికి మార్కులేమిటమ్మా, చోద్యం" అని గొణిగింది. ఇల్పో పూలు పెట్టి, పెట్టెకి తల వంచి, వచ్చి కూచున్నాడు.

తర్వాత హాల్లో అందరూ సాల్మన్ సూపు తాగి కాఫీలకి లేచారు. ఇర్మెలి తన కప్పు తెచ్చుకుని ఇల్పో పక్కన కూచుంది. తిడుతుందనుకుని అతను తల ఎత్తలేదు.

"ఆ రోజు కారులోంచి వచ్చాక వాడు సూపు ముట్టలేదు" అంది. "'అక్కా, ఇల్పో నిజంగా ఎంత వేసి ఉంటాడంటావు?' అని అడిగాడు. ఏడిపిద్దామని ఐదు అన్నాను. కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించుకున్నాడు. 'కాదులే, ఆరుంటుంది. వాడి నోటంట ఆరు వింటే నాకు చాలు' అన్నాడు."

ఇల్పో చేతిలోని కప్పుని బల్ల మీద పెట్టేశాడు.

"ఆరున్నర, ఇర్మెలీ" అన్నాడు.

"విన్నాను" అంది ఆమె. "నేను విన్నాను."

అందరూ చూస్తుండగానే ఇల్పో రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఇర్మెలి తన కాఫీ చల్లారేదాకా అతని పక్కనే కూచుంది.