చావుకు దాచుకున్న చొక్కా

యుద్ధానికి ముందు ఉతికిన చొక్కా తొడుక్కోవడం రష్యా సైనికులకు తాతలనాటి ఆచారం. చస్తే దేవుడి ముందుకు మాసిన గుడ్డలతో పోకూడదు కదా! ఫిరంగి దళంలోని లుక్యాన్ చొక్కాకు అతని భార్య ఫ్యోక్లాయే నార వడికి, నేసి, కుట్టింది. ఇన్నాళ్ళూ మూటలో దాచుకున్న దాన్ని ఐలావ్ అనే ఊరి మంచుపొలాల్లో ఫ్రెంచివాళ్ళు ఎదురుపడ్డ ఉదయాన తొడుక్కున్నాడు.

"పెళ్ళికొడుకులా తయారయ్యావే! ముహూర్తం ఎప్పుడురా?" అన్నాడు ఫిరంగి పెద్ద నికనోర్.

"ముందు నీది కానీ బాబాయ్. పెద్దవాడివి."

మధ్యాహ్నానికి మంచు కళ్ళు కప్పేసింది. లుక్యాన్ చేతిలో ఉండేది తడి కుచ్చు కర్ర. ఫిరంగి పేలిన ప్రతిసారీ దాన్ని గొట్టంలో దూర్చి నిప్పురవ్వలు ఆర్పాలి. ఆర్పకుండా మందు కూరితే కూరేవాడి మొహం మీదే పేలుతుంది. శత్రువుల గుండొకటి వచ్చి ఆ కుచ్చును కాస్తా ఎగరగొట్టింది. ఇంకొకటి తెద్దామంటే సామాను బండి తగలబడిపోతోంది.

అంతలో మంచు తెర విడింది. ఫ్రెంచి గుర్రపుదళం సూటిగా తమ మీదికే వస్తోంది. వెనక పాకలో కదలలేని క్షతగాత్రులున్నారు.

"గుడ్డేదైనా చుట్టరా!" అని అరిచాడు నికనోర్.

లుక్యాన్ తన పైకోటు అంచు కోసి చూశాడు. గడ్డకట్టి అట్టలా ఉన్న ఆ గుడ్డ కర్రకు చుట్టుకోలేదు. ఇక మిగిలింది చొక్కాయే. అతనికి చావంటే భయం లేదు గానీ, శుభ్రమైన చొక్కా లేకుండా చావాలంటే భయం. పాకలోంచి ఎవరో అమ్మా అని మూలిగారు. అంతే, చొక్కా ఊడబెరికి కర్రకు బిగించాడు. వేడి గొట్టం మీద మంచు రుద్ది, కరిగిన నీళ్ళలో దాన్ని తడిపాడు.

ఫిరంగి గర్జించింది. ముందు గుర్రాలు కూలాయి. తుడవడం, కూరడం, కాల్చడం. తెల్ల చొక్కా బొగ్గులా నల్లబడింది. చివరికి గుర్రపుదళం వెనక్కి తిరిగింది. పాక దాకా ఒక్కడూ రాలేదు.

నికనోర్ మసిమొహంతో దగ్గరికొచ్చాడు. "ఒరేయ్, ఇప్పుడేం తొడుక్కుని చస్తావురా?"

లుక్యాన్ కోటు కింద ఒళ్ళంతా వణుకుతోంది. అయినా అంత గర్వం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

"ఫ్యోక్లా ఇంకోటి నేసేదాకా చావడం కుదరదు బాబాయ్."

"ఆ కర్ర ఇటివ్వు, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి నీకు."

"ఇవ్వను" అన్నాడు లుక్యాన్. "ఇది మా ఆవిడ నేత."

నికనోర్ టోపీ తీసి, ఆ మసిగుడ్డకు తల వంచాడు.