చర్చి గంట కొట్టిందెవరు

ప్లమ్‌హాలో ఊరు పుట్టి నూట యాభై ఏళ్లయిందని ఊరేగింపు తలపెట్టారు. ముందు బండి ఎవరు ఎక్కాలన్న దగ్గర తగువు వచ్చింది. ఎవరి పెద్దలు ఊరికి ఎక్కువ మేలు చేశారో వాళ్లే ఎక్కుతారని కమిటీ తేల్చింది. ఇంట్లో చెప్పుకునే గొప్పలు చెల్లవని, ఊరి పాత పేపర్లో అచ్చయి ఉండాలని కూడా అంది.

ఆ మాటతో లవాన్‌కి ప్రాణం లేచి వచ్చింది. ఆమె పుట్టింటివాళ్లు టీడెమన్లు, అత్తింటివాళ్లు బ్రుగ్‌మన్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ, విందు బల్ల మీది టర్కీ కోడి మీద కత్తి పడకముందే, పెద్దాడపడుచు ఆర్డిస్ మొదలుపెట్టేది. చర్చి అంటుకున్న రోజు మా తాత హెన్రీ గంట కొట్టకపోతే ఊరికి చర్చే ఉండేది కాదు అని. "ఆ రోజు మీ టీడెమన్లు ఎక్కడున్నారో!" అని ఒక చురక కూడా. లవాన్ నవ్వి ఊరుకునేది గానీ లోపల కుతకుత ఉడికేది. మా తాత ఆగస్ట్ చేసిన మంచి పని ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అచ్చులో దొరికితే చాలు, ఈవిడ నోరు మూతపడుతుంది అనుకుంది.

లైబ్రరీ కింది గదిలో పాత పేపర్ల ఫిల్ములు చూసే యంత్రాలు రెండే. ఒకదాని ముందు ఆర్డిస్ అప్పటికే బైఠాయించింది, ఒళ్లో కుకీల డబ్బాతో. చర్చి అంటుకున్న ఏడాది పేపర్లలో మొదటి సగం ఫిల్ము చుట్ట ఆమె యంత్రం మీదుంది. రెండో సగం లవాన్‌కి దక్కింది.

ఆ కాలంలో ఊరి పేపరుకి ప్రపంచంతో పనిలేదు. ఆదివారం ఎవరింట్లో ఎవరు భోంచేశారు, ఎవరికి పన్ను పీకారు, అంతా పేర్లతో సహా వేసేది. ఆగస్ట్ దాదాపు ప్రతి వారం ఉన్నాడు.

"శ్రీ ఆగస్ట్ టీడెమన్ గారు కోళ్లగూటి పైకప్పు నుండి మరల పడిరి."

ఆ 'మరల' చూసి లవాన్‌కి ఒళ్లు మండింది.

"శ్రీ టీడెమన్ గారి పంది మెథడిస్టుల విందునకు పిలువకనే విచ్చేసినది. ఆపిల్ పైలు ఒక్కటియు మిగులలేదు."

ఆర్డిస్ తల వంచి ఆ తెరలోకి తొంగిచూసింది. "పోనీలేవే మరదలా, ముందు బండి మీద పందిని కూర్చోబెడదాం."

"నీ పని నువ్వు చూసుకో వదినా!"

కోతల నెల దగ్గర లవాన్ చెయ్యి ఆగింది. లేచి నిలబడి గదంతా మోగేలా చదివింది.

"చర్చికి తప్పిన ప్రమాదము. ఆడువారు చర్చి వంటగదిలో వంట ముగించి భోజనములు పొలమునకు కొనిపోయిన పిమ్మట చర్చి గంట మ్రోగినది. జనులు పరుగున రాగా పొయ్యి గొట్టము వద్ద కప్పు అంటుకొని యుండెను. వెంటనే ఆర్పిరి. చేతుల చెమటచే ఉప్పనైన గంట తాడును టీడెమన్ వారి మచ్చల ఆవు లొట్టీ నములుచుండెను. శ్రీ హెన్రీ బ్రుగ్‌మన్ గారు ఆ సమయమున గడ్డివాము నీడన నిద్రించుచుండిరి."

చివరి వాక్యం ఇంకోసారి చదివింది. వదలబుద్ధి కాలేదు మరి.

ఆర్డిస్ చేతిలో కుకీ సగంలో ఆగిపోయింది. యంత్రం వైపు తిరిగి చక్రం తిప్పుతూ కూర్చుంది. ఇన్నేళ్లుగా ఆ నోరు మూతపడాలనుకున్న లవాన్‌కి, తీరా మూతపడ్డాక జాలేసింది. క్షమించమందామని నోరు తెరిచింది కూడా.

"దొరికింది!" అని ఆర్డిస్ కేక పెట్టింది. జాలి ఎగిరిపోయింది.

"విను. 'శ్రీ టీడెమన్ గారు లొట్టీ అను ఆవును శ్రీ హెన్రీ బ్రుగ్‌మన్ గారికి అమ్మిరి. అది దినదినమూ కంచె దాటి పాత యింటికే పోవుచున్నది. ఊరివారు దానిని ఇంకను టీడెమన్ వారి ఆవనియే పిలుచుచున్నారు.' వసంతకాలం పేపరు! మంటలనాటికి ఆవు మాది. గంట కొట్టింది మా ఆవు!"

"మీదైతే మా ఇంటి దారిలో ఉన్న చర్చి దగ్గర దానికేం పని?"

"అదే నేనూ అడుగుతున్నా. మేత మాది, కొట్టం మాది. అయినా పరుగు మాత్రం పుట్టింటికే." ఆర్డిస్ కళ్లద్దాలు తీసి మరదలిని ఎగాదిగా చూసింది. "నిన్ను చూస్తే ఇన్నేళ్లుగా ఎవరో గుర్తొస్తున్నారు అనుకుంటున్నానే."

లవాన్ కోపం తెచ్చుకోబోయింది. కుదరలేదు. ఇప్పటికీ బజారులో తనని టీడెమన్ వాళ్లమ్మాయి అనే అంటారు. నవ్వు తన్నుకొచ్చి కుర్చీలో కూలబడింది, కళ్లవెంట నీళ్లు. ఆర్డిస్ కుకీల డబ్బా ఆమె ఒళ్లోకి తోసి తనూ పొట్ట పట్టుకుని నవ్వింది.

ఊరేగింపు రోజున ముందు బండి మీద ఒక మచ్చల ఆవు నిలబడింది. దానికి చెరోపక్క వదినామరదళ్లు. ఆవు మెడలో అట్ట మీద ఆర్డిస్ చేతిరాత: "లొట్టీ బ్రుగ్‌మన్. పుట్టిల్లు టీడెమన్. చర్చిని కాపాడింది పుట్టింటికి వెళ్తూనే."

లవాన్ అది చదివి వదిన చెయ్యి పట్టుకుంది. ఆవు అప్పటికే తనను బండికి కట్టిన తాడు నములుతోంది.