మూడో అంతస్తు ఎర్రచుక్క

విత్తనాలు మొలకెత్తుతాయో లేదో పరీక్షించి చెప్పే సంస్థ అది. నాలుగంతస్తుల భవనం నిండా కంప్యూటర్లు, ప్రింటర్లు, చల్లటి గదులు. కంప్యూటర్లనూ నెట్‌వర్కునూ చూసుకునే మనిషి ఒక్కడే. వైరన్న అంటే తప్ప అతను ఎవరో సగం మందికి తెలియదు. కరెంటు పనులు చూసే ఫ్యూజన్న అతనికి జోడీ. ఇద్దరూ కలిసి మెట్లెక్కుతుంటే, ఏదో కొంప మునిగిందనుకుని జనం ముందే ఫైళ్లు సేవ్ చేసుకునేవారు.

ఏ యంత్రం నడుస్తోందో, ఏది ఆగిందో చూపించే పాత సాఫ్ట్‌వేర్‌ను, తయారుచేసిన కంపెనీయే గాలికొదిలేసింది. వైరన్న ఓపెన్ సోర్స్ వైపు మళ్లాడు. దాన్ని ఎవరైనా దించుకోవచ్చు, లోపలి కోడ్ చదవొచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. డైరెక్టరుకు మొదట నమ్మకం కుదరలేదు. చెడిపోతే ఎవరిని నిలదీయాలన్నది ఆయన బెంగ. నన్నే నిలదీయండి అన్నాడు వైరన్న. మూలన పడేసిన కంప్యూటరుకు దుమ్ము దులిపి దాన్నే సర్వరు చేశాడు. కొన్ని వారాలు దానితో కుస్తీ పట్టి, అంతస్తు తర్వాత అంతస్తును అందులోకి ఎక్కించాడు. చివరికి భవనమంతా ఒక తెరమీదికి వచ్చింది. నడుస్తున్న యంత్రం పచ్చచుక్క, ఆగింది ఎర్రచుక్క.

మూడో అంతస్తులో ఒక చుక్క రోజూ భోజనాల తర్వాత ఎర్రబడేది. అది ఆ అంతస్తు కంప్యూటర్లకు నెట్ పంచే పెట్టె. కాసేపటికి దానంతటదే పచ్చబడేది. మధ్యాహ్నం నెట్ పోతోందని అక్కడివాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు కానీ, వైరన్న వెళ్లేసరికి అంతా సవ్యంగా ఉండేది. ఇప్పుడు తెర చెబుతోంది గనక కాదనడానికి లేదు.

డైరెక్టరు కూడా ఆ తెర చూశాడు. ఆ పెట్టె ఉన్న గది చిన్నది, తాళంచెవి వరండాలో మేకుకు వేలాడుతుంది, అందులోకి వెళ్లే పని ఫ్యూజన్నకు తప్ప ఎవరికీ లేదు. ఫోన్ చార్జింగ్ కోసం ప్లగ్గు పీకుతున్నది అతనేనని ఆయన తేల్చేశాడు. మర్నాడే గదిలో కెమెరా పెట్టమన్నాడు.

ఫ్యూజన్న సంగతి వైరన్నకు తెలుసు. తన వల్ల ఒక బల్బు ఆరినా పదిమందికి చెప్పుకుని బాధపడే మనిషి. అందుకే మర్నాడు మధ్యాహ్నం కెమెరా డబ్బా పక్కన పెట్టుకుని తెరముందు కూర్చున్నాడు. చుక్క ఎర్రబడగానే మెట్లెక్కి ఆ గది తలుపు తట్టాడు.

"ఒక్క నిమిషం" అంది లోపలినుంచి ఆడగొంతు.

కొంతసేపటికి తలుపు తీసింది మొలకల విభాగంలో పనిచేసే అమ్మాయి. కాన్పు సెలవు ముగించుకుని ఈమధ్యే పనిలో చేరింది. చేతిలో చిన్న సంచి. నేలమీద నెట్ పెట్టె ప్లగ్గు ఊడి పడుంది.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా?"

"పాలు తీస్తున్నానన్నా, పాపకి" అంది నేల చూపులు చూస్తూ. "ఈ మిషన్‌కి బ్యాటరీ ఆగట్లేదు. బాత్రూంలో ప్లగ్గు లేదు, మిగతావన్నీ అద్దాల గదులు. ఈ పెట్టె దేనిదో నాకు తెలీదు."

అడిగితే ఏదో ఒక గది ఇచ్చేవాళ్లు కదా అన్నాడు వైరన్న. చేరిన రోజే, చంటిపిల్లతో పని చేయగలవా అని డైరెక్టరు అడిగాడనీ, ఇక ఏ మొహం పెట్టుకుని అడగాలనీ అంది. పేరు చెప్పకుండా విషయం మాత్రం చెప్పనా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఈ ఫ్లోర్‌లో పసిపిల్ల తల్లిని నేనొక్కదాన్నే. ఇంక పేరెందుకన్నా?"

అదీ నిజమే. వైరన్న ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు, కెమెరా పెట్టలేదు. వరండాలోంచి ఇంకో లైను లాగి ఆమెకు వేరే ప్లగ్గు బిగించాడు, తలుపుకు లోపలివైపు గడియ అమర్చాడు. చుక్క ఎర్రబడటం ఆగింది. సమస్య తీరిందని డైరెక్టరుకు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

తీరలేదు. కెమెరా మాట వినగానే ఫ్యూజన్న మానేశాడంటే అతనే కదా అన్నాడు డైరెక్టరు. సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చాడు. ఆ కాగితం పట్టుకుని ఫ్యూజన్న వచ్చి, నేనేం చేశానురా అని వైరన్నను అడిగాడు. ఇతనికి చెబితే ఆమెకిచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే ఇతని ఉద్యోగం. మూడో అంతస్తుకు వెళ్లి, మొలకల ట్రేలు సర్దుతున్న ఆమెకు మెమో సంగతి ఒక్కటే చెప్పి వచ్చేశాడు. ఏం చేయమనీ అడగలేదు.

ఆమె ట్రే కింద పెట్టి, చేతులు కడుక్కుని, నేరుగా డైరెక్టరు గదికి వెళ్లింది. లోపల ఏం మాట్లాడిందో వాళ్లిద్దరికే తెలుసు. ఆమె బయటికి వచ్చాక డైరెక్టరు వైరన్నను పిలిపించి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నేను కాదు సార్."

మెమో వెనక్కి వెళ్లింది. రెండో అంతస్తులో ఖాళీగా ఉన్న స్టోర్‌కు కర్టెన్లు, కుర్చీ, చిన్న ఫ్రిజ్ వచ్చాయి. ఫ్యూజన్న తనే దగ్గరుండి వైరింగ్ చేశాడు. అక్కడ ప్లగ్గులు మరీ ఎక్కువయ్యాయని అందరూ నవ్వుకున్నారు.

ఆమె మాత్రం వైరన్న కనిపిస్తే పక్కకు తప్పుకునేది. తనను తెర పట్టించిందన్న జంకు పోలేదు. అతనికీ మనసు కుదుటపడలేదు. మనుషుల మీద నిఘా కోసం దాన్ని పెట్టలేదని నోటితో ఎందరికి చెప్పగలడు? చివరికి తెరలోని ప్రతి పేజీ ఉద్యోగులందరికీ తెరుచుకునేలా చేశాడు. ఏ యంత్రం నుంచి ఏ వివరం వస్తుందో తేట తెలుగులో రాసి పక్కనే పెట్టాడు.

కొన్నాళ్లకు ఆమె వచ్చి అతని బల్ల దగ్గర నిలబడింది.

"ఇందులో నేనెక్కడున్నానన్నా?"

వైరన్న మూడో అంతస్తు తెరిచి చూపించాడు. కంప్యూటర్లు, ప్రింటర్లు, పెట్టె. మనుషులు లేరు. ఆమె పేజీలు ఒక్కొక్కటే తిప్పి నిదానంగా చదివింది. తర్వాత, మొలకల గదిలో వేడి ఎంతుందో కూడా ఇది చూపిస్తుందా అని అడిగింది, సెలవురోజుల్లో ఏసీ ఆగి ట్రేలు పాడవుతున్నాయంది. చిన్న సెన్సర్ పెడితే చాలన్నాడతను. ఎక్కడ పెట్టాలో తను చూపిస్తానని ఆమె ముందు నడిచింది. వైరన్న నిచ్చెన భుజాన వేసుకుని వెనకే వెళ్లాడు.